పాత కార్లకు వేయు అంకెలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు బోయినవారు పెక్కురు. అచ్చటి పాత కారును ఇంటికి దెత్తమను తలంపు కొందరికి గలుగుట సహజమే. కాని ఆ కార్లకు స్టీరింగు ఎడమవైపున నుండును. కుడివైపు స్టీరింగు గలిగి, తయారై మూడేండ్లు మించని పాత కారునే మన దిగుమతి నిబంధనలు రానిచ్చును. కనుక చూపు జపానువైపు మరలును.

అచ్చటి వేలపుశాలలు ప్రతి కారునకు నొక అంకె వేయును. నాలుగున్నర చక్కనిది, నాలుగు మంచిది, మూడున్నర గీతలు, సొట్టలు గలది, ‘ఆర్’ అను నక్షరమున్నచో దెబ్బతిని మరమ్మతు పొందినది. ఒక శాలవారి నాలుగు వేఱొక శాలవారి నాలుగుతో సమానము గానక్కరలేదు. అంకె క్రింద కారు బొమ్మ యొకటి యుండును. దానిని చదువువారే యరుదు. అందు ‘ఎక్స్ ఎక్స్’ అనిన మార్చిన భాగము, ‘డబ్ల్యు’ అనిన సరిచేసిన జాడ. ఒక పంట సొమ్మంతయు బెట్టి కొనువారు ఆ పత్రమును జూడకయే, దళారి నోటిమాటపై బయానా ఇచ్చుట మాకు వింతగా నున్నది.

అంకె పరీక్ష జరిగిన దినమునకే సాక్షి. తరువాతి సంగతి దానికి దెలియదు. 2025 ఆగస్టు వరదలను జూచిన కామారెడ్డివారికి నిది వేఱుగ జెప్పవలయునా? దిగుమతిదైనను, ఊరిదైనను, నీట మునిగిన కారు కడిగినంతనే నిగనిగలాడును. సీటు బెల్టును తుదివరకు లాగినచో బురద మరక బయటపడును. క్రింది తివాచి నెత్తినచో సీటు బోల్టుల తుప్పు కనబడును.