సముద్రస్నానానికీ కట్టుబాటు కావాలి

కృష్ణా డెల్టా పల్లపు నేలల్లో పుట్టి పెరిగినవారికి కొండలంటే బెరుకు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపు తిరుగుతుంటే ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చుంటారు. లోయ అంచుకు పోవద్దంటే పోరు. అదే మనుషులు మంగినపూడి ఒడ్డుకు చేరేసరికి ఆ జాగ్రత్త కాస్తా మరచిపోతారు. సముద్రం మన పక్కనే ఉన్నది కదా, కొత్తేమున్నది అన్న ధీమా. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉన్నది.

బందరుకు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగినపూడి ఏడాది పొడుగునా జనాన్ని ఆకర్షిస్తున్నది. చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలకు వచ్చినవారు కార్తీక పౌర్ణమినాడు ఇక్కడ సముద్రస్నానం చేయనిదే తిరిగి వెళ్లరు. కృష్ణానది సాగరంలో కలిసే హంసలదీవిలో మాఘ పౌర్ణమికి వేలాదిమంది సంగమ స్నానం చేస్తారు. ఇక ఆదివారాలు, సెలవురోజులు వస్తే గుడివాడనుంచి, విజయవాడనుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. రావడం మంచిదే. వచ్చినవారందరూ క్షేమంగా తిరిగి ఇల్లు చేరడం అంతకంటె ముఖ్యం.

పుణ్యస్నానాలకు మన పెద్దలు ఎంచుకున్న దినాలు పౌర్ణమి, అమావాస్య. సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటిగా పనిచేసి సముద్రంలో ఆటుపోట్లు అత్యధికంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పోటుమీద నీరు మామూలు కంటె ఎక్కువ ఎత్తుకు వస్తుంది; పాటుమీద అంత వేగంగానూ వెనక్కి పోతుంది. అంటే ఏ రోజున ఒడ్డున జనం అత్యధికంగా ఉంటారో, ఆ రోజునే నీటి లాగుడు కూడా ఎక్కువ. ఈ మాట చెప్పడం ఆచారాన్ని కాదనడానికి కాదు. స్నానానికి ముహూర్తం చూసుకునేవారు పోటు వేళ కూడా చూసుకోవాలని చెప్పడానికే.

పైగా కార్తీకం తుపాన్ల కాలం. 1864 నవంబరు 1న బందరును ముంచెత్తిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నది. 1977 నవంబరు 19న, కార్తీక మాసంలోనే, దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. 2004 డిసెంబరు 26 ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఆ ఉదయం మంగినపూడిలో పుణ్యస్నానాలు చేస్తున్నవారిని సునామీ కెరటాలు లాగివేశాయి. ఆనాడు ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. ఆ తర్వాత 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరికల కేంద్రం ఏర్పడింది. తుపాను ఆనవాళ్లు ఇప్పుడు రోజుల ముందే తెలుస్తున్నాయి. తెలిసిన కబురును ఒడ్డున ఉన్న మనిషి చెవిన వేయడమే మిగిలిన పని.

అయితే మామూలు రోజుల్లో ప్రాణాలు తీసేది తుపానూ కాదు, సునామీ కాదు. ఒడ్డుకు వచ్చిన కెరటాల నీరంతా ఎక్కడో ఒకచోట దారి చేసుకుని తిరిగి లోపలికి పోవాలి. ఆ దారి సన్నని కాలువలాగా ఉంటుంది. అక్కడ కెరటాలు అంతగా విరగవు కనుక చూసేవారికి నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత రానివారు ఏరికోరి దిగేది సరిగ్గా అక్కడే. మంగినపూడిలో చాలాదూరం లోతు తక్కువగా ఉండటంవల్ల ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లోపలికి పోతారు. కాలికింది మట్టి జారగానే పట్టు తప్పుతుంది.

ఆ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. దానికి ఎదురీది అలసిపోయినవారే మునిగిపోతారు. ఈత వచ్చినవారు ఒడ్డువైపు కాక, ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే ఆ కాలువనుంచి బయటపడతారు. ఆపైన కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివారు కాళ్లూ చేతులూ కొట్టుకోక వెల్లకిలా తేలి, చెయ్యెత్తి కేకవేయాలి. ఈ ఒక్క సంగతి ప్రతి బడిలో పిల్లలకు నేర్పదగినది.

స్నానానికి వచ్చేవారు పాటించవలసిన నియమాలు పెద్ద కష్టమైనవి కావు. మోకాటి లోతు దాటి వెళ్లరాదు. చిన్నపిల్లలను చెయ్యి విడవరాదు. ఒంటరిగా దిగరాదు, చీకటి పడిన తర్వాత అసలే దిగరాదు. మద్యం తాగినవారిని తోటివారే నీటిలోకి పోనీయరాదు. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగే అలవాటు మానాలి. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగిరిన రోజున, అది ఒకటో నంబరు కానీయండి, మూడో నంబరు కానీయండి, స్నానం వాయిదా వేసుకోవాలి. నీరు ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత దూరం వెనక్కి పోతే, గవ్వలు ఏరుకోవడానికి ముందుకు పోక, వెంటనే ఒడ్డు విడిచి పరుగెత్తాలి. ఎక్కి ప్రాణం దక్కించుకోవడానికి ఈ సీమలో కొండలు లేవు. ఉన్నవి తుపాను షెల్టర్లు, మేడలు. దగ్గరలో అవి ఎక్కడ ఉన్నదీ వచ్చిన వెంటనే అడిగి తెలుసుకోవడం మంచిది.

హంసలదీవి సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. అక్కడ నదీ ప్రవాహం, సముద్రపు పాటు రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. ఇసుక తిప్పలు ఏటేటా చోటు మారతాయి కనుక నిరుడు దిగిన రేవు ఈ ఏడు భద్రమని అనుకోవడానికి లేదు. ఎగువన ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తిన రోజుల్లో సంగమం వద్ద నీటిలో దిగకపోవడమే వివేకం. కార్లు, మోటారు సైకిళ్లు ఇసుకమీద నడిపించరాదు. పోటు వచ్చేసరికి అవి కూరుకుపోవడం ఒక నష్టం. తాబేళ్లు పెట్టిన గుడ్లు చక్రాలకింద చితికిపోవడం మరొకటి. పడవ ఎక్కేవారు లైఫ్‌జాకెట్ ఇవ్వనిదే ఎక్కరాదు. 2017 నవంబరు 12న, అదీ ఒక కార్తీక ఆదివారమే, విజయవాడ ఎగువన పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా జలసమాధి అయిన ఉదంతం అప్పుడే మరచిపోతే ఎట్లా?

ఒకరు కొట్టుకుపోతుంటే కాపాడబోయి ఇద్దరు ముగ్గురు ప్రాణాలు కోల్పోవడం తరచు జరిగే ఘోరం. మనసు ఆగకపోవచ్చు. కాని ఈత రానివారు దూకి చేయగలిగింది లేదు. తాడు, ముడివేసిన చీరలు, గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది అందితే అది విసరాలి, జాలరులను కేకవేయాలి, 112కు ఫోను చేయాలి. ఒడ్డుకు చేర్చిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం తగదు. మునిగినవారికి కరువైనది ఊపిరి. శ్వాస ఆడకపోతే తక్షణం నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాలి; రొమ్ము మధ్య బలంగా 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చేయాలి. తేరుకున్నవారిని కూడా ఆసుపత్రికి పంపవలసిందే. ఊపిరితిత్తులలో చేరిన నీరు కొన్ని గంటల తర్వాత ప్రాణంమీదికి తేవచ్చు.

యాత్రికులకు ఇన్ని నియమాలు చెప్పినప్పుడు అధికార యంత్రాంగానికీ కొన్ని చెప్పవలసి ఉన్నది. పర్వదినాలలో గజఈతగాళ్లు, పడవలు, కర్రల కంచెలు, మైకులు ఏర్పాటు చేయడం ఆనవాయితీ. కాని సముద్రానికి పర్వదినం, మామూలు ఆదివారం అనే తేడా లేదు. పౌర్ణమికి చేసే ఏర్పాట్లలో నాలుగోవంతు అయినా ప్రతి సెలవురోజున ఉండటం అవసరం. ఒడ్డున పుట్టి పెరిగిన మత్స్యకార యువకులకు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి, ఆ రోజులకు కూలి కట్టి నియమిస్తే వారికి జీవనాధారం, యాత్రికులకు భద్రత రెండూ సమకూరుతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి ఏనాటి వేళలు ఆనాడు ఒడ్డున బోర్డు మీద సుద్దతో రాయించాలి. స్నానానికి అనువైన మేర రెండు జెండాలు పాతించి, ఆ మధ్యనే దిగనివ్వాలి. ఇవి లక్షల రూపాయల పథకాలు కావు. కావలసింది శ్రద్ధ.

మత్స్యకారుడు వేటకు బయలుదేరే ముందు గాలి చూస్తాడు, నీటి రంగు చూస్తాడు. అనుమానం కలిగితే ఆ పూట పస్తైనా ఉంటాడుగాని వల ఎత్తడు. పుట్టిననాటినుంచి సముద్రం మీద బతికేవాడికే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు ఏడాదికొక పూట వచ్చేవారికి ఎంత అవసరమో ఆలోచించాలి. అందుచేత నీటిలో కాలు పెట్టేముందు ఒడ్డున ఉన్న జాలరిని ఒక్క మాట అడగడం ప్రతి యాత్రికుని మొదటి నియమం కావాలి. అతడు వద్దంటే నాలుగు చెంబుల నీళ్లు ముంచుకుని నెత్తిన పోసుకున్నా స్నానమే అవుతుంది. పుణ్యానికీ లోటు రాదు, ఇంటిదగ్గర ఎదురుచూసేవారికీ దుఃఖం కలగదు.