శాంపిల్ వెళ్లే దారి, జవాబు వచ్చే దారి



2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు కుప్పలుగా చచ్చాయి. శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు వెళ్లాయి. బర్డ్ ఫ్లూ అని అక్కడ తేలింది, ఇక్కడ చికెన్ దుకాణాలు మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో ఆత్మకూరు అవతల మర్రిపాడు మండలంలో ఒక పిల్లవాడికి జికా అనుమానం. ఈసారి శాంపిల్ పుణె ల్యాబు దారి పట్టింది.

ఇందులో తప్పుపట్టడానికి లేదు. ప్రమాదకరమైన వైరస్‌తో పని చేయాలంటే కట్టుదిట్టమైన ల్యాబ్ ఉండాలి. అలాంటిది మండలానికొకటి కట్టరు, కట్టకూడదు కూడా. కానీ తుది నిర్ధారణ వేరు, తొలి కబురు వేరు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు కరువైంది ఆ తొలి కబురే.

జీవాల సంగతే చూడండి. మూతి పుండ్లు పడి, ముక్కు కారుతూ గొర్రె మేత మానేస్తే అది పీపీఆర్ అనే గొర్రెల ప్లేగా, నీలి నాలుకా అన్నది కాపరి చూపుకు అందదు. ఒకదాని టీకా మరొకదానికి పనికిరాదు. జవాబు వచ్చేలోగా మంద మరో ఊరి బీడుకు సాగిపోతుంది, రోగమూ వెంట నడుస్తుంది. పశువుల ముసర రోగాన్ని ప్రపంచమంతా కలిసి 2011 నాటికి తుడిచిపెట్టింది. పీపీఆర్‌ను 2030కల్లా అలాగే చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గడువు పెట్టుకున్నాయి. ఆ గడువు ఈ మెట్ట బీళ్ల మీదుగానే నడవాలి.

సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. క్షయ పరీక్షకు దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించింది. కోవిడ్ పరీక్షలకు మన రాష్ట్రమే వాడింది. 2014లో ఎబోలా వచ్చినప్పుడు యూరప్ సంచార ల్యాబ్ గినియాలోని గెకెడూకే వెళ్లింది. 2023లో నిపా వేళ ఐసీఎంఆర్ సంచార ల్యాబ్ కోజికోడ్ చేరింది. మన ఊళ్లలో తిరిగే 1962 పశువుల అంబులెన్సులో పేడ, రక్త పరీక్షల సరంజామా ఇప్పటికే ఉంది. వైరస్‌ను పట్టే యంత్రం ఒక్కటే తక్కువ.

డబ్బూ ఉంది. పశు వ్యాధుల నిఘాకు, ల్యాబుల బలోపేతానికి అంతర్జాతీయ పాండెమిక్ ఫండ్ మన దేశానికి 2.5 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో చిటికెడైనా ఆత్మకూరు డివిజన్‌కు రావాలి.

2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. వైరస్ నమూనా ఇచ్చిన దేశానికి తిరిగి ఏం దక్కాలన్నదే అక్కడ తెగని పేచీ. జెనీవాలో పేద దేశాలు అడుగుతున్నదీ, భోపాల్‌కు శాంపిల్ పంపి కూర్చున్న ఊరు అడగవలసిందీ ఒకటే.

ఒక ఏడాది పాటు వైరస్‌ను పట్టే యంత్రం ఉన్న ఒక బండిని ఆత్మకూరులో ఉంచి చూడండి. పశువుల డాక్టరు, మనుషుల డాక్టరు ఇద్దరూ దాన్నే వాడాలి. శాంపిల్ తీసిన గంట, తొలి కబురు వచ్చిన గంట ఆసుపత్రి గోడ మీద నెలనెలా రాసిపెట్టాలి.

— ఒక పాఠకుడు, ఉదయగిరి