చీటీ మాసిపోతే సరుకు పరువు పోతుంది

కారప్పొడుల కొలతలు రాసినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనబడుతోంది. "పొడులు బాగా కుదురుతున్నాయండీ, నలుగురూ అడిగి మరీ కొంటున్నారు. కానీ చీటీలు చేత్తో రాసి రాసి వేళ్లు నొప్పెడుతున్నాయి. లేబుల్ ప్రింటరు కొందామంటే బజార్లో పది రకాలున్నాయి. ఏది తీసుకోమంటారు?" అని.

మంచి ప్రశ్నే. దీనికి జవాబు మా ఇంట్లోనే ఉంది. మా తోటికోడలు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం అది. ముందు ఆ సంగతి చెబుతాను, వినండి.

మా తోటికోడలు గుంటూరులో ఉంటుంది. నాలుగేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతోంది. ఒక వేసవిలో ఆర్డర్లు పెరిగాయి. చేత్తో రాయలేక, అరచేతిలో ఇమిడే చిన్న ప్రింటరొకటి కొంది. సెల్‌ఫోన్లో టైపు చేస్తే చాలు, టకటకా చీటీలు వచ్చేస్తాయి. రంగు పోయనక్కర్లేదు, సిరా నింపనక్కర్లేదు. "అక్కా, ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు" అని నాకు ఫోను చేసి మురిసిపోయింది కూడా.

రెండు నెలలు గడిచాయి. వీధి చివరి కిరాణా షాపులో పెట్టిన ప్యాకెట్లు ఒకేసారి పద్దెనిమిది వెనక్కి వచ్చాయి. షాపులో ముందు వరస, పొద్దుటి ఎండ తగిలే చోటు. చీటీల మీద అక్షరాలు తెల్లగా పాలిపోయాయి. "ఏ పొడో, ఎప్పుడు చేసిందో తెలీని సరుకు నేనెట్లా అమ్మేదమ్మా?" అన్నాడట షాపతను. అతని తప్పేముంది?

అసలు బాధ ఇది కాదు. అదే వారం ఆమె దగ్గర ఎప్పుడూ కొనే ఒక పెద్దావిడ ప్యాకెట్ పట్టుకుని వచ్చారు. "ఇది నువ్వుల కారమా, వేరుశనగ కారమా? మా మనవడికి వేరుశనగ పడదమ్మా. కిందటిసారి పొరపాటున తింటే ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తాం" అన్నారు. రెండు పొడులూ చూడ్డానికి ఒకే రంగు. పైగా రెండూ ఒకే మిక్సీలో పట్టినవి. చీటీ చూస్తే తెల్లకాగితం! మా తోటికోడలికి గుండె ఝల్లుమంది. ఆ ప్యాకెట్‌నీ, వెనక్కొచ్చిన పద్దెనిమిదింటినీ చెత్తలో పారేసి, ఆవిడ డబ్బు ఆవిడకిచ్చి పంపింది. "పోయిన డబ్బుకి కాదక్కా, ఆ పిల్లవాడు గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు" అంది.

చూశారా! చీటీ అంటే అందానికి అతికించే కాగితం ముక్క కాదు. అది మనం కొనేవాళ్లకి ఇచ్చే మాట.

రెండు రకాలు తెలుసుకోండి

ఇంట్లో వాడుకునే లేబుల్ ప్రింటర్లు ముఖ్యంగా రెండు రకాలు. రెండూ వేడితోనే పనిచేస్తాయి. తేడా ఎక్కడంటే...

మొదటిది డైరెక్ట్ థర్మల్. ఇందులో సిరా ఉండదు. కాగితం మీదే ఒక పూత ఉంటుంది. ప్రింటరు లోపలి హెడ్డు వేడెక్కి తగిలిన చోట ఆ పూత నల్లబడుతుంది. ఏ.టి.ఎం. చీటీ, బస్సు టికెట్టు ఇలా వచ్చేవే. బీరువాలో దాచిన ఏ.టి.ఎం. చీటీ కొన్నాళ్లకి వెలిసిపోవడం మీరు చూసే ఉంటారు. ఎండ, వేడి, నూనె, వీటిలో ఏది తగిలినా ఆ అక్షరాలకు గండమే. ఇక మన పచ్చడి సీసా సంగతి వేరే చెప్పాలా!

రెండోది థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో రిబ్బను ఉంటుంది. దాని మీది రంగు వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. ఎండకీ వేడికీ ఇది చాలా మేలు. రిబ్బనుల్లో మళ్లీ మూడు రకాలు: మైనపుది, మైనం-రెసిన్ కలిసినది, రెసిన్‌ది. మామూలు కాగితం లేబుల్‌కి మైనపుది చాలు. నూనె చేతులతో తడిమే పచ్చడి సీసాలకి ప్లాస్టిక్ లేబుల్, దానికి సరిపడే మైనం-రెసిన్ లేదా రెసిన్ రిబ్బను తీసుకుంటే అక్షరం తొందరగా చెరగదు.

మరి డైరెక్ట్ థర్మల్ పనికిరాదా అంటే, అదీ కాదు. పార్సిల్ మీద అంటించే అడ్రసు చీటీకి అదే చవక, అదే సుఖం. నాలుగు రోజుల్లో పార్సిల్ చేరితే ఆ చీటీ పని అయిపోయినట్టే. నెలల తరబడి అల్మారాలో కూర్చునే సరుకుకి మాత్రం వద్దు.

మీ చేతిలో ఉన్న లేబుల్ ఏ రకమో తెలియకపోతే గోటితో గట్టిగా ఒక గీత గీయండి. నల్లటి చార పడిందా, అది డైరెక్ట్ థర్మల్. పడలేదా, దానికి రిబ్బను కావాల్సిందే.

కొనేముందు అడగాల్సినవి

మొదట తెలుగు వస్తుందో లేదో చూడండి. షాపులో ఇంగ్లీషు అక్షరాలు వేసి చూపిస్తారు. మీరు "స్వచ్ఛమైన కొత్తిమీర పచ్చడి" అని కొట్టించి చూడండి. కొన్నింటిలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అలాంటప్పుడు చీటీని బొమ్మగా తయారుచేసి ప్రింటు తీస్తే సరిపోతుంది. అది ఆ ప్రింటరులో కుదురుతుందో లేదో అక్కడే అడగండి.

తర్వాత అక్షరాల స్పష్టత. పెట్టె మీద 203 డి.పి.ఐ. అని ఉంటే మిల్లీమీటరుకి 8 చుక్కలన్న మాట. 300 అయితే సుమారు 12 చుక్కలు. ఇంటి పనికి 203 చాలు. కాకపోతే మన గుండ్రని అక్షరాలు మరీ చిన్నవిగా పెడితే ఒత్తులు అలుక్కుపోతాయి. కాస్త పెద్దవి పెట్టుకోండి.

వెడల్పు మరో ముఖ్యమైన విషయం. రెండంగుళాల ప్రింటరు సీసాలకి బాగానే ఉంటుంది గానీ, కొరియర్ వాళ్ల నాలుగంగుళాల చీటీ దాంట్లో పట్టదు. రెండు పనులూ ఉన్నవాళ్లు నాలుగంగుళాలదే తీసుకోండి.

ఇక ఖర్చు. ప్రింటరు ధర ఒక్కటే చూసి మోసపోకండి. ఒక్కో చీటీకి ఎంత పడుతుందో లెక్క వేయండి. రోలు 300 రూపాయలు, అందులో 500 లేబుళ్లు అనుకుంటే ఒక్కోటి 60 పైసలు. రిబ్బను 74 మీటర్లు ఉండి, లేబుల్ పొడవు మధ్య ఖాళీతో కలిపి 53 మిల్లీమీటర్లయితే దాదాపు 1,390 చీటీలు వస్తాయి. రిబ్బను ధరని అంతమందికీ పంచండి. కొన్ని ప్రింటర్లు వాటి కంపెనీ రోళ్లు తప్ప వేరేవి తీసుకోవు. ఈ సంగతి డబ్బు కట్టకముందే అడగండి, కట్టాక కాదు.

నెలకి యాభై అరవై సీసాలే అమ్మేవాళ్లకి అసలు ప్రింటరే అక్కర్లేదు. వీధిలో జిరాక్సు షాపులో ఏ4 సైజు స్టిక్కరు కాగితం మీద లేజరు ప్రింటు తీయించి, తేదీ మాత్రం చెరగని పెన్నుతో రాసుకుంటే చాలు. లేజరుకి పనికొచ్చే స్టిక్కరు కాగితమే ఇవ్వండి. సగం ఊడదీసిన కాగితాన్ని మళ్లీ మెషీనులో పెట్టించకండి, జిగురు లోపల అంటుకుంటుంది.

చీటీ మీద ఏముండాలి?

తినే వస్తువు ప్యాకెట్ చేసి అమ్మేటప్పుడు మన ఇష్టం చెల్లదు. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు, 2011 నాటి ప్యాకెట్ వస్తువుల తూనికలు, కొలతల నిబంధనలు ఉన్నాయి. ముఖ్యమైనవి ఇవి:

వస్తువు పేరు, అందులో వాడిన దినుసులు (ఎక్కువ వాడినది ముందు), శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, మీ పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారిచ్చే 14 అంకెల నంబరు, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. కిలో కంటే తక్కువ ప్యాకెట్ అయితే గ్రాముకి ఎంతో కూడా వేయాలి. 250 గ్రాములు 150 రూపాయలైతే గ్రాముకి 60 పైసలన్న మాట.

వేరుశనగ, జీడిపప్పులాంటి గింజలు, పాలు, గోధుమ, సోయా, గుడ్డు, చేప, రొయ్య, పీత లాంటివి వాడితే ఆ సంగతి విడిగా కనబడేలా చెప్పాలి. ఒకే మిక్సీ వాడే మనలాంటి వాళ్లు "వేరుశనగ ఆనవాళ్లు ఉండవచ్చు" అని వేయడం మరిచిపోకూడదు. ఆ పెద్దావిడ మనవడిని తలుచుకోండి. మీ సరుక్కి ఇంకేమైనా అవసరమేమో మీ జిల్లా ఆహార భద్రతా అధికారి కార్యాలయంలో ఒకసారి కనుక్కోండి.

బ్యాచ్ నంబరంటే భయపడకండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ రోజు ఏ పచ్చడి ఎన్ని సీసాలు పట్టారో రాసి, దానికో అంకె వేసుకోండి. రేపు ఒక సీసాలో బూజు కనబడితే మిగతావి ఏ ఇళ్లకి వెళ్లాయో పుస్తకమే చెబుతుంది.

వాడకంలో చిట్కాలు

ప్రింటరుని వంటింట్లో పెట్టకండి. కారం దుమ్ము, పిండి, నూనె ఆవిరి హెడ్డుకి పగవాళ్లు.

కొత్త రోలు వేసినప్పుడల్లా ప్రింటరుకి లేబుల్ కొలత నేర్పాలి. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. ఎలా చేయాలో పెట్టెలోని పుస్తకంలో ఉంటుంది. అది చేయకపోతే సగం అక్షరాలు ఒక లేబుల్ మీద, సగం ఇంకోదాని మీద పడతాయి.

అక్షరాలు పల్చగా వస్తే ముందు వేగం తగ్గించండి. తర్వాత నలుపు కొంచెం పెంచండి. ఒకేసారి చివరిదాకా పెంచితే హెడ్డు తొందరగా అరిగిపోతుంది.

రోలు మార్చినప్పుడు, స్విచ్చి ఆపి చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో హెడ్డు మెల్లగా తుడవండి. చాకుతోగానీ, గోటితోగానీ గీకకండి.

రిబ్బను లేబుల్ కంటే కాస్త వెడల్పు ఉండాలి. రంగు ఏ వైపుందో తెలియకపోతే ఒక స్టిక్కరు జిగురు వైపు దానికి అంటించి తీయండి. రంగు ఊడి వచ్చిన వైపే కాగితానికి తగలాలి.

సీసా మీద నూనె జిడ్డు లేకుండా పొడిగుడ్డతో తుడిచాకే చీటీ అంటించండి. ఫ్రిజ్‌లో పెట్టేవాటికి పెట్టకముందే అంటించాలి. డైరెక్ట్ థర్మల్ చీటీ మీద భద్రం కోసమని ప్లాస్టిక్ టేపు వేసేవాళ్లున్నారు. కొన్ని టేపుల జిగురుకే అక్షరాలు వెలిసిపోతాయి, వేయకండి.

మిగిలిన రోళ్లు ఎండ తగలని చల్లని చోట కవరులో చుట్టి ఉంచండి.

చివరగా ఒక మాట. ఏ ప్రింటరు కొన్నా, మొదటి చీటీని ఒక ఖాళీ సీసాకి అంటించి, కాస్త నూనె చేత్తో రుద్ది, పదిహేను రోజులు ఎండలో కిటికీ దగ్గర పెట్టండి. ఆ తర్వాత కళ్లజోడు లేకుండా మీ అత్తగారు చదవగలిగితే, నిశ్చింతగా సరుకు షాపుకి పంపండి. మా తోటికోడలి కిటికీలో ఇప్పటికీ అలాంటి సీసా ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరైనా తీయబోతే "అది ముట్టుకోకండి, పరీక్ష రాస్తోంది" అంటుంది!

వచ్చేవారం పచ్చడి సీసాలను కారకుండా పార్సిల్ కట్టడం ఎలాగో చెప్పుకుందాం. అంతవరకు సెలవు.