అన్నం తగ్గిస్తే మెదడు మొద్దుబారుతుందా?

చక్కెర వ్యాధి ఉన్న తాతగారు డాక్టరు సలహాపై అన్నం బాగా తగ్గించారనుకోండి. "అన్నం లేకపోతే మెదడు పనిచేయదు" అని ఇంటిల్లిపాదీ భయపెడతారు. ఈ మాటలో సగమే నిజం.

మన మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కాని అదంతా కంచంలోని పిండిపదార్థాల నుంచే రానక్కరలేదు. మాంసకృత్తులలోని అమినో ఆమ్లాల నుంచి కాలేయం గ్లూకోజును తయారుచేయగలదు. కొవ్వు నుంచి కీటోన్లనూ తయారుచేస్తుంది. దీర్ఘ ఉపవాసంలో మెదడు ఈ కీటోన్లనే ఇంధనంగా వాడుకుంటుందని అమెరికాలో జార్జి కాహిల్ బృందం 1967లో చూపింది.

"కీటోన్లు విషం కదా?" అంటారు మరికొందరు. శరీరంలో ఇన్సులిన్ బాగా కొరవడితే అవి హద్దు మీరి, రక్తం ఆమ్లగుణం పొంది, ప్రాణాపాయం కలుగుతుంది. ఇన్సులిన్ సరిగా ఊరేవారిలో అవి హద్దులోనే ఉంటాయి. చలిమంటా, ఇల్లు కాలడమూ ఒకటేనా? మూర్ఛవ్యాధికి ఇటువంటి ఆహారాన్ని రస్సెల్ వైల్డర్ అనే వైద్యుడు 1921లోనే సూచించాడు. నేటికీ కొందరు పిల్లలకు వైద్యులు దాన్ని ఇస్తున్నారు.

పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర అదుపుకు వస్తుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2019 నివేదిక కూడా ఒప్పుకుంది.

అయితే ఇది అందరికీ తగినది కాదు. మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎదిగే వయసులో ఉన్న మీరు సొంతంగా ప్రయత్నించకండి. కాని తాతగారి కంచంలో మళ్ళీ అన్నం గుమ్మరించబోతుంటే మాత్రం, కాలేయం చేసే ఈ పని గురించి ఇంట్లో చెప్పండి.