ఎడమచేతి పిల్లకు కుడివైపు దీపం



ఈసారి పరీక్షల ప్రిపరేషన్ గురించి రాద్దామనుకున్నాను. కానీ దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. మీ అబ్బాయో అమ్మాయో సాయంత్రం కూర్చుని రాసుకునే ఆ మూడడుగుల చోటు గురించి, అక్కడికి కొనాల్సిన కొన్ని చిన్న వస్తువుల గురించి. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

నా ఆరో తరగతిలో ఒక పాప ఉంది. క్లాస్‌వర్క్ నోటుబుక్‌లో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. హోంవర్క్ నోటుబుక్‌లో మాత్రం గీత దాటి కిందికి జారిపోతుంటాయి, మధ్యమధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటాయి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఇంట్లో ఇంకెవరో రాసిపెడుతున్నారని తేల్చేశాను. క్లాసులో అందరి ముందూ అడిగాను కూడా. పాప తల వంచుకుంది, ఏమీ అనలేదు. చేతిరాతకు రెండు మార్కులు తీసేశాను.

పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్లమ్మగారు వచ్చారు. "ఇంతకంటే ఏం చేయాలి మేడమ్? పదిహేను వేలు పెట్టి టేబుల్ చేయించాం" అంటూ ఫోన్ తీసి ఫోటో చూపించారు. నిజంగానే మంచి టేబుల్. పైన అరలు, కింద సొరుగులు, ఎడమవైపు చెక్కలోనే బిగించిన లైటు. పాప కూర్చుని రాస్తోంది, ఎడమచేత్తో. ఆ చేతి నీడ సరిగ్గా రాస్తున్న అక్షరం మీద పడుతోంది. నీడ తప్పించుకోవడానికి పాప ఒళ్లంతా ఒకవైపుకు మెలితిప్పుకుని కూర్చుంది. క్లాసులోనైతే కిటికీ తనకు కుడిపక్కన ఉంటుంది.

రాసే చేతికి అవతలి వైపు నుంచి వెలుతురు రావాలి. తరగతి గదిలో ఎడమవైపు నుంచి వెలుతురు పడేలా చూడాలని బీఈడీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ నియమం కుడిచేతివాళ్ల కోసం పెట్టిందని, ఎడమచేతి పిల్లలకు అది తిరగబడుతుందని ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ టేబుల్ చేసిన వడ్రంగీ ఆలోచించలేదు. మా ఇద్దరికీ తోచని ఆ తేడా పదకొండేళ్ల పిల్ల వెన్ను మీద పడింది.

వాళ్లమ్మగారు ఆ వారంలోనే నాలుగు వందల లోపు ఒక క్లిప్ ల్యాంప్ కొని కుడివైపు బిగించారు. పాపకు సారీ చెప్పాను, అదీ అందరి ముందే. "మరి ఆ రెండు మార్కులు మేడమ్?" అని అడిగింది. వేశాను.

ఇది జరిగాక మీటింగుకు వచ్చిన ప్రతివాళ్లనూ ఇంట్లో పిల్లలు ఎక్కడ కూర్చుని రాస్తారని అడగడం మొదలుపెట్టాను. మంచం మీద, సోఫాలో, డైనింగ్ టేబుల్ మూల కూరగాయల సంచి పక్కన. ఇవే ఎక్కువగా విన్నాను. వీళ్లెవరూ లేనివాళ్లు కాదు. హాల్లో పెద్ద టీవీ ఉంటుంది, దాని ఈఎంఐ ఉంటుంది. మన మధ్యతరగతిలో డబ్బు ముందు చుట్టాలకు కనిపించే గదిలోకి వెళ్తుంది. పిల్లలు రాసుకునే మూల వాళ్లకు కనిపించదు.

ఒక నాన్నగారు నవ్వుతూ అన్నారు, "మేం లాంతరు ముందు చదివినోళ్లం మేడమ్. సుఖం ఎక్కువైతే పిల్లలు చదవరు." వీధిదీపాల కింద చదువుకుని గొప్పవాళ్లయినవారి కథలు మనమందరం విన్నవే, నేను కూడా క్లాసులో చెబుతుంటాను. కానీ వాళ్లు వీధిలోకి వెళ్లింది కష్టం వెతుక్కుంటూ కాదు. ఇంట్లో వెలుతురు లేక, ఉన్నచోటికి వెళ్లారు. లెక్క రాకపోతే పిల్లాడు కష్టపడాలి. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ నడుం నొప్పితో, నీడతో, దోమలతో పడే కష్టం వల్ల ఏ లెక్కా రాదు.

కొనాల్సినవి పెద్దవేమీ కావు. మొదటిది ల్యాంపు. ఐదారు వాట్ల ఎల్‌ఈడీ చాలు. అది వెలిగించి గదిలో లైటు మాత్రం ఆర్పకండి. చుట్టూ చీకటి, పేజీ మీద ఒక్కచోటే వెలుగు ఉంటే కళ్లు త్వరగా అలసిపోతాయి.

రెండోది కొనక్కర్లేదేమో కూడా. పెద్దవాళ్ల కుర్చీలో కూర్చుంటే చిన్న క్లాసుల పిల్లల కాళ్లు గాల్లో వేలాడతాయి. కాసేపటికి తిమ్మిరెక్కి, కాళ్లు పైకి మడుచుకుంటారు, తర్వాత లేచి తిరుగుతారు. మనం "కుదురు లేదు" అంటాం. పూజ గదిలోనో అటక మీదో ఉన్న చెక్క పీట తీసి కాళ్ల కింద పెట్టండి. పాదాలు పూర్తిగా ఆనాలి, మోచేతులు టేబుల్ ఎత్తుకు రావాలి. రాకపోతే కుర్చీలో ఒక దిండు వేయండి.

మూడోది గోడ గడియారం. టైమ్ చూడ్డానికని ఫోన్ తీసిన పిల్లలు అరగంట వరకు పుస్తకంలోకి తిరిగిరారు. (టీచర్లం మేమూ అంతే, కాపీలు దిద్దుతూ.) రెండు వందల గడియారం ఎదురుగా ఉంటే ఆ సాకు పోతుంది.

తర్వాత కిటికీకి దోమల మెష్. మన దగ్గర నాలాల పక్కన ఉన్న కాలనీల్లో సాయంత్రం ఆరయ్యేసరికి కిటికీలన్నీ మూసేస్తారు. చదువుకునే వేళకు గదిలో గాలే ఉండదు. వెల్‌క్రో పట్టీతో అతికించే మెష్ దొరుకుతుంది, అద్దె ఇంట్లోనైనా మేకు కొట్టకుండా పెట్టుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుని పోవచ్చు. ఇంకా పిల్లల ఎత్తుకు అందేలా తలుపు వెనుక రెండు కొక్కేలు, ఒకటి బ్యాగుకు, ఒకటి ఐడీ కార్డుకు, బెల్టుకు. పొద్దున బస్సు హారన్ కొడుతుంటే సోఫా కింద బెల్టు వెతికే ఇళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యాన్ మార్చడం చిన్న ఖర్చు కాదు, ఎలాగూ మార్చాల్సి వస్తే మాత్రం బీఎల్‌డీసీ చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇది 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 12 గంటల చొప్పున నెలకు 16 యూనిట్లు మిగులుతాయి.

సికింద్రాబాద్‌లో ఉన్నందుకు మనకొక సుఖం ఉంది. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి మోసపోనక్కర్లేదు. ల్యాంపైతే రాణిగంజ్ ఎలక్ట్రికల్ దుకాణాల్లో వెలిగించి చూసి కొనవచ్చు. కాకపోతే ముందే కొలతలు రాసుకుని వెళ్లండి, టేబుల్ అంచు మందంతో సహా. నేను కొలవకుండా తెచ్చిన క్లిప్ మా ఇంటి టేబుల్‌కు పట్టక మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, కూర్చునేది వాళ్లు కదా.

ఇదంతా చెప్పి మా వైపు మాట చెప్పకపోతే న్యాయం కాదు. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కే ఉండకూడదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆపైన రెండు గంటలు. ఎంత మంచి కుర్చీ అయినా మూడు గంటలు కూర్చుంటే నొప్పే. మీ ఇంట్లో గడియారం పెట్టాక పిల్లలు ఎన్నింటికి కూర్చున్నారో, ఎన్నింటికి లేచారో ఒక వారం పాటు డైరీలో రాసి పంపండి. నా సబ్జెక్టు వల్ల ఎక్కువవుతుంటే నేను తగ్గిస్తాను. మిగతా సబ్జెక్టులైతే స్టాఫ్ మీటింగ్‌లో ఆ డైరీలే చూపిస్తాను.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు రెండు నోటుబుక్కులూ తీసుకురండి, క్లాస్‌వర్క్‌దీ, హోంవర్క్‌దీ. వచ్చే ముందు ఒక రాత్రి, మీవాళ్లు రాసుకునే వేళకు, ఆ చోట్లోనే మీరు పది నిమిషాలు కూర్చుని ఒక పేజీ రాసి చూడండి. ఎడమచేతి పిల్లలున్నవాళ్లు ఆ సంగతి ముందుగా ఒక చీటీ మీద రాసి పంపితే, ఆ పిల్లల్ని కిటికీ కుడిపక్కకు వచ్చేలా కూర్చోబెడతాను.