మనీబాల్‌లో లేని అయిదుగురు

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ రూమ్‌లో ఒక లాప్‌టాప్ చుట్టూ ఆరుగురం ఇరుక్కుని చూసిన సినిమా ‘మనీబాల్’. బేస్‌బాల్ అంటే ఏంటో మాలో ఒక్కడికీ తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. డబ్బులేని జట్టు, మొండి మేనేజరుగా బ్రాడ్ పిట్, పక్కన లెక్కలు వచ్చిన కళ్ళజోడు కుర్రాడు. ముసలాళ్ళందరూ నవ్వారు, కుర్రాడి లెక్క గెలిచింది. మాలాంటి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఉద్యోగంలో చేరాక ఆ సినిమా నన్ను వదల్లేదు. ట్రైనింగ్‌లో క్లిప్ వేస్తారు. డేటా గురించి మాట్లాడే ప్రతి మేనేజరూ ఆ పేరు తీస్తాడు. ఐపీఎల్ వేలం వస్తే చాలు, తక్కువ ధరకి దొరికిన ప్రతి ఆటగాడూ ‘మనీబాల్ పిక్’. నేనూ ఈ కథ పదిమందికి చెప్పాను. ఒకరోజు ఆ జట్టు స్కోర్లు తెరిచి చూశాక తెలిసింది, నేను చెప్పింది సగం కథ అని. ఆ మిగతా సగం గురించే ఈ గొడవంతా.

సినిమా చూడనివాళ్ళకి నాలుగు ముక్కల్లో. 2001 సీజన్ అయిపోగానే ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు జేసన్ జియాంబీ, జానీ డేమన్, జేసన్ ఇస్రింగ్‌హౌసెన్ అనే ముగ్గురు పెద్ద ఆటగాళ్ళని పోగొట్టుకుంది. జట్టు జీతాల బడ్జెట్ దాదాపు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్ల పైమాట. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ అప్పుడు లెక్కలు పట్టుకున్నాడు. బ్యాటర్ ఎంత అందంగా కొడతాడని కాదు, ఎన్నిసార్లు ఔటవకుండా బేస్ మీదికి చేరతాడని చూశాడు. మోచేయి పాడైన క్యాచర్ స్కాట్ హాటెబర్గ్‌ని తెచ్చి ఫస్ట్ బేస్‌లో నిలబెట్టాడు. చెయ్యి నేలకి రాసుకునేట్టు బంతి విసిరే చాడ్ బ్రాడ్‌ఫర్డ్‌ని నమ్మాడు. 2002లో జట్టు వరసగా 20 మ్యాచ్‌లు, మొత్తం 103 మ్యాచ్‌లు గెలిచింది. మైకేల్ లూయిస్ 2003లో పుస్తకం రాశాడు, 2011లో సినిమా వచ్చింది.

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. హాటెబర్గ్ నిజంగానే ఆడాడు, బ్రాడ్‌ఫర్డ్ నిజంగానే ఆదుకున్నాడు. కానీ ఒక జట్టు 103 మ్యాచ్‌లు గెలిస్తే, ఆ గెలుపులు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అడగాలి కదా. అడుగుదాం.

బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. ఇంకా ఎక్కువే, ఎందుకంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ ఒక్కడే సగానికి పైగా ఆటని మోస్తాడు. 2002లో ఓక్లండ్‌కి అలాంటివాళ్ళు ముగ్గురున్నారు: బ్యారీ జీటో, మార్క్ మల్డర్, టిమ్ హడ్సన్. జీటో ఖాతాలో 23 గెలుపులు, 5 ఓటములు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. మల్డర్‌వి 19 గెలుపులు, హడ్సన్‌వి 15. కూడండి. 103లో 57. ఒక సీజన్‌లో ఉండేవి 162 మ్యాచ్‌లు. అందులో 99 మొదలుపెట్టింది ఈ ముగ్గురే.

ఇంకా ఉంది. షార్ట్‌స్టాప్‌లో ఆడే మిగెల్ తెహాదా 34 హోమ్ రన్‌లు కొట్టాడు, 131 పరుగులు రప్పించాడు, ఆ ఏడాది అమెరికన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడు అయ్యాడు. థర్డ్ బేస్‌లో ఎరిక్ చావెజ్ కూడా 34 హోమ్ రన్‌లే కొట్టాడు. ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ 2001 నుంచి 2006 దాకా వరసగా ఆరేళ్ళు చావెజ్‌దే. మరి హాటెబర్గ్? 15 హోమ్ రన్‌లు, 61 పరుగులు. తక్కువేం కాదు. కానీ ఆ జట్టు గుండెకాయ కాదు.

ఒకే ఏడాది లీగ్‌లో ఉత్తమ పిచర్, ఉత్తమ ఆటగాడు ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నారు. ఆ జట్టు గురించిన సినిమాలో తెహాదా అక్కడక్కడా పక్కగా కనిపిస్తాడు. పిచర్లు ముగ్గురూ దాదాపు లేనట్టే.

వరసగా 20 గెలుపులు అన్నాను కదా. సినిమా క్లైమాక్స్ ఇరవయ్యో మ్యాచ్. 11-0 ఆధిక్యం కరిగి 11-11 అయ్యాక హాటెబర్గ్ హోమ్ రన్. ఎన్నిసార్లు చూసినా రోమాలు నిక్కబొడుచుకునే సీన్. ఒప్పుకుంటాను. కానీ పద్దెనిమిదో మ్యాచ్‌ని ఆఖరి బంతికి హోమ్ రన్‌తో గెలిపించింది తెహాదా. పంతొమ్మిదో మ్యాచ్‌ని ఆఖరి హిట్‌తో గెలిపించిందీ తెహాదానే. అవి లేకపోతే ఇరవయ్యోదే లేదు. కథ మాత్రం మూడో మ్యాచ్‌లో కొట్టినవాడిది అయింది.

లెక్కల మీద నమ్మకం ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క. బీన్ లెక్కలన్నీ బ్యాటింగ్ కోసం కదా. 2001లో జట్టు చేసిన పరుగులు 884. ఆ కొత్త లెక్కతో ఆడిన 2002లో 800. అంటే 84 తగ్గాయి. జియాంబీ వెళ్ళిపోయాడు కాబట్టి ఇంకా ఎక్కువే తగ్గాల్సింది, ఆపారు అనొచ్చు. సరే. కానీ జట్టుని 103 దాకా మోసుకెళ్ళింది ఆ అతుకులు కాదన్నది తేలిపోయింది కదా.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. పుస్తకం వచ్చినప్పటి నుంచీ అమెరికాలో బేస్‌బాల్ జనం అంటున్నదే. దానికి జవాబు కూడా పాతదే: “స్టార్లు ఎలాగూ స్టార్లే. కథ వాళ్ళ గురించి కాదు, ఎవరూ విలువ కట్టని వాళ్ళని చవగ్గా పట్టుకోవడం గురించి.”

నా అసలు పేచీ ఈ జవాబుతోనే. చవగ్గా దొరకడమే కథయితే, ఆ జట్టులో అందరికంటే చవగ్గా దొరికినవాళ్ళెవరు? ఆ అయిదుగురే.

ఎలాగో చెప్తాను. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా తనకి నచ్చిన జట్టుకి వెళ్ళలేడు. మొదటి మూడేళ్ళూ దాదాపుగా జట్టు ఇచ్చిందే జీతం. 2002లో కనీస జీతం 2 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్ళు మధ్యవర్తి ముందు బేరమాడుకోవచ్చు. ఆరేళ్ళు నిండాకే స్వేచ్ఛ. 2002లో మన అయిదుగురిలో ఎవరికీ ఆరేళ్ళు నిండలేదు. జీటో, మల్డర్ అయితే పైస్థాయికి వచ్చిందే 2000లో. కొందరు ముందుగానే పొడుగాటి ఒప్పందాలు చేసుకున్నారు, కానీ వాటి ధర తేలిందీ ఈ నిబంధన నీడలోనే. వెళ్ళిపోయిన జియాంబీ, డేమన్ ఎందుకు వెళ్ళగలిగారు? వాళ్ళకి ఆరేళ్ళు నిండాయి కాబట్టి. సినిమా మొదలయ్యే విషాదమూ, సినిమాలో కనిపించని అదృష్టమూ ఒకే నిబంధన తాలూకు రెండు ముఖాలు.

అంటే హాటెబర్గ్ చవగ్గా దొరకడానికి కారణం మార్కెట్ గుడ్డిదవడం. జీటో చవగ్గా దొరకడానికి కారణం అతన్ని మార్కెట్‌లోకి రానివ్వకపోవడం. మొదటిది మేధావి కథ అవుతుంది. రెండోది కూలి కథ. హాలీవుడ్ దేన్ని ఎంచుకుంటుందో వేరే చెప్పాలా?

తెహాదా సంగతి ఇంకా దారుణం. డొమినికన్ రిపబ్లిక్‌లో బనీ అనే ఊళ్ళో కటిక పేదరికంలో పెరిగాడు. అమెరికా కుర్రాళ్ళని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు. మొదటి రౌండ్‌లో పేరు వస్తే లక్షల డాలర్ల బోనస్. మల్డర్, జీటో, చావెజ్ అలా వచ్చినవాళ్ళే. తెహాదాలాంటి వాళ్ళకి డ్రాఫ్ట్ లేదు. 1993లో ఓక్లండ్ అతన్ని తీసుకున్నది 2,000 డాలర్లకి. తక్కువ ధరకి దొరికిన వజ్రం కథ కావాలంటే ఇంతకంటే పెద్దది ఏముంది? మరి అతన్ని కనిపెట్టింది కంప్యూటర్ కాదు, ఊళ్ళు తిరిగిన మనుషులు. సినిమా వెక్కిరించిన జాతి.

2003తో అతనికీ స్వేచ్ఛ వచ్చింది. నిలబెట్టుకోలేమని ఆ సీజన్ మొదలవకముందే జట్టు తేల్చి చెప్పేసింది. బాల్టిమోర్ ఆరేళ్ళకి 7 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చింది. తర్వాత అతని పేరు చెడింది. డ్రగ్స్ విచారణలో అమెరికన్ కాంగ్రెస్‌కి నిజం దాచినందుకు 2009లో నేరం ఒప్పుకున్నాడు, 2013లో 105 మ్యాచ్‌ల నిషేధం పడింది. వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పిన సంగతీ బయటపడింది. ఇవి దాచి అతన్ని దేవుణ్ణి చేయను. కానీ పదిహేడేళ్ళకే ‘ముదురు’ అనిపించుకునే ఆ బజారులో కుర్రాళ్ళు వయసెందుకు తగ్గించుకుంటారో కూడా కాస్త ఆలోచించాలి.

ఇంకొకాయన ఉన్నాడు, గ్రేడీ ఫ్యూసన్. సినిమాలో బీన్‌తో గొడవపడి ఉద్యోగం పోగొట్టుకునే పాతకాలపు స్కౌట్ ఈయనే. నిజానికి 2001 సీజన్ తర్వాత ఆయన టెక్సస్ రేంజర్స్‌కి వెళ్ళిపోయాడు. మరి చావెజ్‌ని, ఆరో రౌండ్ దాకా ఎవరూ పట్టించుకోని హడ్సన్‌ని, మల్డర్‌ని, జీటోని ఎంచుకున్న ఏళ్ళలో స్కౌటింగ్ డైరెక్టర్ ఎవరు? ఈ ఫ్యూసనే. హడ్సన్‌నీ చావెజ్‌నీ తీసుకునే సమయానికి బీన్ ఇంకా జనరల్ మేనేజర్ కూడా కాలేదు. జట్టు వెన్నెముకని పోగు చేసినవాడు తెర మీద విదూషకుడయ్యాడు.

“సినిమాయే కదా, వదిలెయ్” అంటారు మిత్రులు. సినిమాగా చూసేవాళ్ళయితే వదిలేసేవాణ్ణే. మనం దాన్ని పాఠంగా చూస్తున్నాం. ఆఫీసు గోడల మధ్య ఆ పాఠం ఏంటంటే, ‘తెలివైనవాడు చవకైన ప్రతిభని పసిగడతాడు’. చవక ఎందుకయిందన్న ప్రశ్న అందులో లేదు. నేను మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు రెండేళ్ళ బాండ్ మీద సంతకం పెట్టాను. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలి. నాతోపాటు చేరినవాళ్ళలో నాకంటే పదిరెట్లు పనిమంతులున్నారు. ప్రాజెక్ట్ నడిచింది వాళ్ళ మీదే. ఏడాది చివర మీటింగ్‌లో చప్పట్లు పడింది మాత్రం ‘తక్కువ ఖర్చుతో టీమ్ కట్టిన’ ఆయనకి. స్లైడ్ మీద ఏ సినిమా బొమ్మ ఉందో మీరు ఊహించగలరు. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను. జీటో ఎవరో అప్పటికి నాకు తెలీదు.

2002 జట్టు మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో ఓడిపోయింది. 2004 డిసెంబర్‌లో హడ్సన్‌ని, మల్డర్‌ని వేరే జట్లకిచ్చేశారు. జీటో కూడా ఆరేళ్ళు నిండగానే కొత్త ఒప్పందంతో సముద్రపాయకి అవతలి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి వెళ్ళాడు. 2012లో జీటో, 2014లో హడ్సన్ ఆ జట్టుతోనే ప్రపంచ టైటిల్ చూశారు. 2024 సెప్టెంబర్ 26న అథ్లెటిక్స్ ఓక్లండ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడేసింది. 1968 నుంచీ ఉన్న ఊరు వదిలి శాక్రమెంటోకి, అక్కణ్ణుంచి లాస్ వేగస్‌కని బయల్దేరింది. ఊళ్ళో ఇక జట్టు లేదు. ఆ ఏడాది ఆట చూసినవాళ్ళ జ్ఞాపకం వాళ్ళతోనే పోతుంది. మిగిలేది సినిమా.

ఈసారి ఎవరైనా మీకు ఆ హోమ్ రన్ క్లిప్ వేసి చూపిస్తే ఒక్క నిమిషం ఆపమనండి. ముందు రెండు మ్యాచ్‌లు గెలిపించింది ఎవరని అడగండి. తెలీదంటే, అతన్ని ఎంతకి కొన్నారో మీరే చెప్పండి.