ఫార్వర్డు వ్యసనాన్ని విడనాడుదాం!



2018 అక్టోబరు 9న భిలాయి ఉక్కు కర్మాగారంలోని కోక్ ఒవెన్ విభాగంలో గ్యాసు పైపులైను వద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా మన సహచరులు బలి అయిన సంగతిని మనమెవ్వరమూ మరువజాలము. అంతకు నాలుగేళ్ళ క్రితం, 2014 జూన్ 12న, అదే కర్మాగారపు పంపు హౌసు వద్ద రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు వ్యాపించి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

అటువంటి దినాన ప్రతి క్వార్టరులోనూ ఒకటే ప్రశ్న: "మనవాడు ఏ షిఫ్టులో ఉన్నాడు?" ఆ గడియలో సెల్‌ఫోను ఆపదలో ఉన్నవారికి అండ కావలసిన సాధనం. కాని మన చేతిలో అది ఏమవుతున్నది? ప్రమాదం ఎక్కడ జరిగినా కాలిన శరీరాల ఫొటోలు, మృతుల సంఖ్యపై ఊహాగానాలు, ఎక్కడివో పాత వీడియోలు క్షణాలలో చేతులు మారుతున్నవి. భర్త మరణవార్తను ఒక ఇల్లాలు సెక్టార్-9 ఆసుపత్రి వైద్యుని నోటనో, సాటి కార్మికుని నోటనో కాక వాట్సాప్ గ్రూపులో చూడవలసి వస్తే ఆ పాపం ఎవరిది? ప్రమాదానికి యాజమాన్యాన్ని నిలదీయవలసిందే. కాని ఈ పాపం మాత్రం మనదే!

"ఫొటోలు పంపకపోతే నిజాన్ని కప్పిపుచ్చరా?" అని కొందరు వాదించవచ్చును. సాక్ష్యం కావలసినదే. అయితే తుప్పుపట్టిన పైపు, బిగుసుకుపోయిన వాల్వు, మోగని గ్యాసు అలారం - ఇవి సాక్ష్యాలు. చూచినది చూచినట్లు తేదీ, సమయం, స్థలంతో వ్రాసి యూనియన్ కార్యాలయానికి, సేఫ్టీ కమిటీకి, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు అందజేయవలెను. మృతుని ముఖం సాక్ష్యం కాదు; దానిపై హక్కు ఆ కుటుంబానిది.

పుకారు ఎంతటి ఘోరానికి దారితీయగలదో 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామం నిరూపించింది. వాట్సాప్‌లో పాకిన పిల్లల దొంగల కథను నమ్మిన మూక సంచార జాతికి చెందిన ఐదుగురు నిరుపేదలను కొట్టి చంపింది. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. కంపెనీ విధించే పరిమితి సరే, మన వివేకం విధించే పరిమితి ఏది?

ఇక నిత్యం చూస్తున్న జాడ్యం మరొకటి. తెల్లవారగానే పువ్వుల బొమ్మలు, శుభోదయాలు, "పదిమందికి పంపకపోతే అరిష్టం" అనే బెదిరింపులు! 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మె నోటీసు ఇచ్చిన 14 రోజులలోపు సమ్మెకు దిగరాదు. ఒక సంస్థలో సగం మంది, అంతకు మించి కార్మికులు ఒకే రోజున మూకుమ్మడి సెలవు పెట్టినా అది సమ్మెయే. ఈ సంగతి వివరించే నోటీసు గ్రూపులో పెడితే, మధ్యాహ్నానికి అది నూరు పువ్వుల క్రింద సమాధి అవుతున్నది. గేటు మీటింగుకు రానివాడు "నాకు తెలియదే!" అంటున్నాడు. అతనిని మాత్రం ఎట్లు నిందించగలము?

అన్నింటికన్నా ప్రమాదకరమైనది పరస్పర దూషణ. 1955 నాటి సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకొని, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించుకున్న ఈ కర్మాగారంలో తెలుగువారు, ఛత్తీస్‌గఢీలు, ఒడియా, బెంగాలీ, మలయాళీ సోదరులు ఒకే వేడిలో చెమటోడ్చారు. నేడు భాషను, మతాన్ని వెక్కిరించే ఒక్క సందేశం, కాంట్రాక్టు కార్మికుని చులకన చేసే ఒక్క హాస్యపు వీడియో ఆ బంధాన్ని తెంచివేయగలదు. మనలను చీల్చుటకు యాజమాన్యానికి ఒక్క పైసా ఖర్చు లేదు. డేటా ఖర్చు కూడా మనమే భరిస్తున్నాము!

కనుక నేటి నుండి నిశ్చయించుకొందాము. మూలం తెలియనిదే పంపరాదు. మృతుల, క్షతగాత్రుల ఫొటోలు ఎవరు పంపినా అక్కడే ఆపవలెను. యూనియన్ గ్రూపును యూనియన్ పనికే వాడవలెను. క్రేను క్రింద, ఫర్నేసు వద్ద ఫోను జేబులోనే ఉండవలెను. పొరపాటున అబద్ధం పంపినవాడు అదే గ్రూపులో దానిని ఒప్పుకొని సరిదిద్దవలెను. అందులో అవమానమేమీ లేదు.

ఉక్కును కరిగించి మలచిన చేతులు ఒక్క బొటనవ్రేలిని అదుపు చేయలేవా?

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!